‘నైస్’ అను శబ్దము – అర్థపరిణామ విచారము

ఆంగ్ల నవలాకర్త్రి జేన్ ఆస్టిన్ 1817 జూలైలో దివంగతురాలైనది. అదే సంవత్సరము డిసెంబరులో ఆమె నవల ‘నార్థాంగర్ అబీ’ వెలువడినది. ముఖపత్రముపై మాత్రము 1818 అని ముద్రించిరి. అందలి 14వ ప్రకరణమున బాత్ నగరము చెంతనున్న బీచెన్ క్లిఫ్ కొండమీదికి ముగ్గురు వ్యాహ్యాళికి పోవుదురు. ఒకతె పదునేడేండ్ల కేథరిన్ మార్లండ్. లోకానుభవము తక్కువ, నవలలపై మక్కువ ఎక్కువ. రెండవవాడు హెన్రీ టిల్నీ, చదువుకొన్నవాడు, మాటకారి. మూడవది అతని సోదరి ఎలినార్. ఆన్ రాడ్‌క్లిఫ్ 1794లో ప్రకటించిన ‘ఉడాల్ఫో రహస్యములు’ అను భయానక నవల వారి సంభాషణలోనికి వచ్చును. కేథరిన్ ఆ పుస్తకమును ‘నైస్’ అను మాటతో మెచ్చుకొనును. హెన్రీ ఆ మాటను పట్టుకొని వదలడు. పుస్తకము పొందికగా ఉన్నదని తాత్పర్యమైనచో అది బైండింగు వాని గొప్పతనమే కదా అని హాస్యమాడును. దినమునకు, నడకకు, మనుషులకు, పుస్తకములకు ఈ ఒక్క మాటయే చాలునా అని ఎత్తిపొడుచును. పూర్వము ఈ శబ్దము శుచికి, ఔచిత్యమునకు, సౌకుమార్యమునకు, సంస్కారమునకు మాత్రమే వాడబడెడిదేమో, ఇప్పుడు ప్రతి మెప్పును దీనిలోనే ఇమిడ్చివేయుచున్నారని అతని ఆక్షేపము.

నవలలో ఇది రెండు పుటలైనను నిండని ముచ్చట. కాని విమర్శకునకు పనికివచ్చు పెద్ద ప్రశ్న ఇందు దాగియున్నది. ఒక శబ్దమునకు నిజమైన అర్థమేది? పుట్టినప్పటిదా, పెద్దలు వాడినదా, ఇప్పుడు పదిమంది నోట నున్నదా? హెన్రీ టిల్నీ రెండవ దానిని పట్టుకొని అదియే మొదటిదని భ్రమించినాడు. శతాబ్దము గడచిన తరువాత హెచ్. డబ్ల్యు. ఫౌలర్ 1926లో ప్రకటించిన ఆధునికాంగ్ల ప్రయోగ నిఘంటువులోను అదే ఆక్షేపము వినవచ్చును. స్త్రీల మితిమీరిన ఆదరముచేత ఈ శబ్దము తన విశిష్టతను పోగొట్టుకొన్నదని ఆయన వగచినాడు. ఆ మాటను వాడని పురుషుడు ఆంగ్లదేశమున ఎంత వెదకినను దొరకడు గనుక నింద స్త్రీలపై మాత్రమే మోపుట న్యాయము కాదు. అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి కలదు. ఈ శబ్దము యొక్క అసలు పుట్టుక తెలిసినచో హెన్రీ టిల్నీ వాదము పునాదితో సహా కదలిపోవును.

‘నైస్’ లాటిన్ భాషలోని ‘నెస్కియుస్’ అను శబ్దమునుండి పుట్టినది. ‘నె’ అనగా కాదు, లేదు. సంస్కృతములోని ‘న’ దీనికి సోదరి. ‘స్కిరే’ అనగా తెలియుట. కావున ‘నెస్కియుస్’ అనగా తెలియనివాడు, అజ్ఞుడు. ‘సైన్స్’ అను మాట, అంతఃకరణమును తెలుపు ‘కాన్షెన్స్’ అను మాట ఈ ‘స్కిరే’ ధాతువునుండి వచ్చినవే. అనగా ‘సైన్స్’, ‘నైస్’ ఒక తల్లి బిడ్డలు. ఒకటి తెలివిని పంచుకొన్నది, మరొకటి తెలియమిని. ‘స్కిరే’కు మూలమునందు కోయుట, వేరుచేయుట అను భావము కలదనియు, మన ‘ఛిద్’ ధాతువు దానికి బంధువనియు భాషాశాస్త్రజ్ఞులు పలువురు చెప్పుదురు. తెలియుట అనగా ఒకదానినుండి మరొకదానిని వేరుచేయుట. సంస్కృతములోని ‘వివేక’ శబ్దమున కూడ ఇదే భావము; ‘విచ్’ ధాతువునకు వేరుచేయుట అని అర్థము. ఈ లెక్కను ‘నైస్’ అను మాటకు పుట్టుకతో వచ్చిన అర్థము ‘అవివేకి’.

లాటిన్‌నుండి ఈ శబ్దము ప్రాచీన ఫ్రెంచిలోనికి పోయి, అచట మందబుద్ధి, అమాయకుడు అను అర్థములలో నిలిచినది. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిదప ఫ్రెంచి మాటలు వేలకొలది ఆంగ్లములోనికి ప్రవహించినవి. ఆ ప్రవాహములోనే ఇదియు వచ్చి 1300 ప్రాంతమునకు ఆంగ్లమున స్థిరపడినది. 1400లో మరణించిన చాసర్ మహాకవి దీనిని ‘తెలివితక్కువ’ అను అర్థమున వాడినాడు. ఆ కాలమున ఒకనిని ‘నైస్’ అన్నచో వాడు సంతోషింపడు; కయ్యమునకు వచ్చును.

తెలివితక్కువ అను నిందనుండి ఇంపైనది అను ప్రశంసకు ఈ మాట ఎట్లు ఎక్కినది? ఒక్క గంతులో కాదు. మెట్టు వెంట మెట్టుగా. తెలివితక్కువవాని నడవడి అదుపు లేనిది. కావున మొదట ఈ శబ్దము విచ్చలవిడితనమునకు, వేషాడంబరమునకు చెల్లినది. ఆడంబరముగా అలంకరించుకొనువాడు సోకు మనిషి. సోకు మనిషికి ఏదియు ఒక పట్టాన నచ్చదు. ఆ తోవను ‘నైస్’ అనగా ఏరికోరి తప్పుపట్టువాడు, అతి నాజూకు మనిషి అను అర్థము వచ్చినది. బిడియమునకు, ముభావమునకు కూడ ఈ దశయందే ఇది చెల్లినది. ఏదియు ఒక పట్టాన నచ్చనివాడు ప్రతిదానిని పరిశీలించును, మంచిచెడ్డలను వేరుచేయును. అందుచే 16వ శతాబ్దమునకు ఈ శబ్దము సూక్ష్మదృష్టికి, నిర్దుష్టతకు పేరైనది. ఇచట ఒక చిత్రము గమనింపదగినది. అవివేకి అని పుట్టిన శబ్దము రెండు మూడు శతాబ్దములలో వివేచకుడు అను అర్థమునకు చేరినది. అనగా తన తల్లి నిషేధించిన గుణమునే సంపాదించుకొన్నది. పిదప సూక్ష్మదృష్టి గల మనిషినుండి సూక్ష్మదృష్టికే అందు వస్తువునకు ఇది పాకినది. అప్పుడు సన్నని భేదము, సున్నితమైన విషయము, అల్పమైన సంగతి ‘నైస్’ అయినవి. సున్నితమైన దానినుండి రుచియైన తినుబండారమునకు, దానినుండి మనస్సునకు హితమైన ప్రతిదానికి వ్యాపించి, 18వ శతాబ్దమున నేటి అర్థము స్థిరపడినది. మంచి మనసు గలవాడు, దయ గలవాడు అను అర్థము అన్నిటికంటె కడపటిది; అది 19వ శతాబ్దమునకు చెందినది.

ఈ మెట్లలో ఏ ఒక్కటియు అసహజము కాదు. ప్రతి తరము తన ముందు తరమునుండి అందుకొన్న మాటను వేలెడు దూరము మాత్రమే జరిపినది. ఏడు శతాబ్దములు కలిపి చూచినపుడే అది భూమ్యాకాశముల దూరమై కనబడును.

ఈ చరిత్ర తెలియుటవలన సాహిత్యపరునకు కలుగు ప్రయోజనమేమి? షేక్స్పియర్ నాటకములను తెరచినచో ఉత్తరము దొరకును. ‘రోమియో అండ్ జూలియెట్’ తృతీయాంకమున వీథిలో జరిగిన హత్యలను ప్రభువునకు విన్నవించుచు బెన్వోలియో, ఈ కలహము ఎంత ‘నైస్’ అయినదో ఆలోచింపుమని రోమియో ప్రత్యర్థిని వేడుకొన్నట్లు చెప్పును. నేటి అర్థముతో చదివినచో రోమియో పోట్లాటను మెచ్చుకొన్నట్లగును. కవి హృదయము వేరు. ఇంత అల్పమైన దానికి ప్రాణములు తీసికొందురా అని రోమియో బ్రతిమాలినాడు. అదే నాటకము పంచమాంకమున సన్యాసి లారెన్స్ పంపిన జాబు రోమియోకు అందదు. ఆ వార్త వినిన సన్యాసి, అది ‘నైస్’ జాబు కాదని తల్లడిల్లును. దీనిని ‘మంచి ఉత్తరము కాదు’ అని తెనిగించినవాడు కథను తలక్రిందులు చేసినవాడగును. ఆ జాబు తేలికయైనది కాదు, రెండు ప్రాణములు దానిపై ఆధారపడియున్నవి అని అతని భయము. విషాదమంతయు ఆ ఒక్క విశేషణము మీద నిలిచియున్నది.

‘జూలియస్ సీజర్’ చతుర్థాంకమున బ్రూటస్, కాషియస్ పరస్పరము తూలనాడుకొను ఘట్టము ప్రసిద్ధము. ఇంతటి విపత్కాలమున ప్రతి ‘నైస్’ అపరాధమును విచారణకు పెట్టుట తగదని కాషియస్ వాదించును. స్వల్పమైన తప్పు అని ఇచట అర్థము. తన మనిషి లంచము తిన్నాడన్న ఆరోపణను అతడు ఆ ఒక్క మాటతో అల్పము చేసివేయుచున్నాడు. ఆ మాట బరువు తెలిసినపుడే బ్రూటస్ మండిపడుటకు కారణము తెలియును. ఈ నాటకము 19వ శతాబ్దముననే వావిలాల వాసుదేవశాస్త్రి చేతిమీదుగా తెలుగునకు వచ్చినది. నాటినుండి నేటివరకు షేక్స్పియర్‌ను తెనిగించువారు పలువురు. వారందరి ఎదుటను ఇట్టి గోతులు నోరు తెరచుకొనియే యుండును. కఠినమైన మాట అనువాదకుని మోసగింపదు; తెలియని మాట గనుక అతడు నిఘంటువు తెరచును. మోసము చేయునది తెలిసినదనుకొన్న మాటయే. సి. ఎస్. లూయిస్ 1960లో ప్రకటించిన శబ్దవిచార గ్రంథమున ఈ విషయమునే హెచ్చరించినాడు: పాత గ్రంథమును చదువునప్పుడు నేటి ప్రధానార్థము చెప్పకుండ లోపలికి చొరబడును, వాక్యము పైకి పొసగినట్లే కనబడును, పాఠకుడు తాను పొరబడినట్లైనను ఎరుగడు.

విలియం క్రెయిగీ ఆక్స్‌ఫర్డ్ మహానిఘంటువునకు ‘ఎన్’ అక్షరభాగమును కూర్చిన సంపాదకుడు. తొలి భాగము 1884లో వెలువడి 1928లో పూర్తియైన నిఘంటువది. ప్రతి అర్థమునకు కాలక్రమమున ప్రయోగములను ఉదాహరించుట దాని పద్ధతి. అంతటి సామగ్రి చేతనుండియు, 16, 17వ శతాబ్దముల ప్రయోగములు పెక్కింటిలో ఈ శబ్దమును రచయిత ఏ అర్థమున వాడినాడో నిర్ణయించుట దుష్కరమని ఆ నిఘంటువే ఒప్పుకొన్నది. ఒకే కాలమున ఒకే మాట నిందగాను, ప్రశంసగాను, రెండును కాని మధ్యస్థముగాను తిరుగుచుండినది. అట్టి మాటకు అర్థనిర్ణయము చేయుట ఎట్లు?

ఈ ప్రశ్నకు భారతీయ శాస్త్రకారులు చాల ముందుగనే సమాధానము వెదకిరి. ‘సైంధవము తెమ్ము’ అను వాక్యము మన శాస్త్రములలో నలిగినది. భోజనవేళ సైంధవమనగా ఉప్పు, ప్రయాణవేళ గుఱ్ఱము. అనేకార్థములు గల శబ్దమును ఒక అర్థమున నిలుపు హేతువులను భర్తృహరి ‘వాక్యపదీయము’న లెక్కించినాడు: సంసర్గము, విప్రయోగము, సాహచర్యము, విరోధము, ప్రకరణము మున్నగునవి. ఆ పట్టికలో దేశము, కాలము కూడ కలవు. కాలమునకు ఆలంకారికులిచ్చు ఉదాహరణము ‘చిత్రభానుడు’. పగలు ఆ శబ్దమునకు సూర్యుడని అర్థము, రాత్రి అగ్ని యని అర్థము. ‘నైస్’ వంటి శబ్దముల విషయమున ఈ సూత్రము మరింత విస్తృతమగును. ఇచట పగలు ఒక శతాబ్దము, రాత్రి మరొక శతాబ్దము. గ్రంథము ఏ గడియలో పుట్టినదో ఎరుగని పాఠకుడు చీకటిలో సూర్యుని వెదకును.

తెలుగువారికి ఈ విషయము పరాయిది కాదు. ‘నైస్’ నడచిన దారినే నడచిన శబ్దమొకటి మన నోట నిత్యము ఆడుచున్నది: అది ‘ముగ్ధ’. ‘ముహ్’ ధాతువునకు తెలివి తప్పుట, మోహపడుట అని అర్థము. దానినుండి వ్యాకరణము రెండు రూపములను సమ్మతించినది: ‘మూఢ’, ‘ముగ్ధ’. ఒక కడుపున పుట్టిన ఈ ఇద్దరిలో ‘మూఢుడు’ పుట్టినచోటనే నిలిచిపోయినాడు, నేటికిని తెలివితక్కువవాడే. ‘ముగ్ధ’ మాత్రము పైకెక్కినది. బోపదేవుడు తన వ్యాకరణమునకు ‘ముగ్ధబోధము’ అని పేరు పెట్టినపుడు, ఏమియు తెలియనివారికి బోధించునది అనియే దాని అర్థము. ఆలంకారికుల చేతిలో ముగ్ధ లజ్జావతియైన నవయౌవన నాయిక. కావ్యములలో ముగ్ధమనగా మనోహరము. నేటి తెలుగున సంగీతము విని శ్రోతలు ‘మంత్రముగ్ధులు’ అగుదురు; ఎవ్వరును దానిని నిందగా భావింపరు. తెలియమి, అమాయకత, సుకుమారత, సౌందర్యము అను ఈ మెట్లు ‘నైస్’ ఎక్కిన మెట్లకు ఎంత దగ్గర! ఒకరినొకరు ఎరుగని రెండు భాషా సమాజములలో మనుష్యుని మనస్సు ఒకే విధముగా పనిచేసినది.

ఎక్కుట ఉన్నచోట దిగుటయు ఉండును. భాషాశాస్త్రజ్ఞులు ఒకదానిని అర్థోత్కర్ష మనియు, రెండవదానిని అర్థాపకర్ష మనియు వ్యవహరింతురు. ఆంగ్లమున ‘నైస్’ ఎక్కుచుండగా ‘సిల్లీ’ అను మాట దిగినది. ప్రాచీనాంగ్లమున అది ధన్యుడు, భగవదనుగ్రహము పొందినవాడు అను అర్థము కలది. ధన్యుడు అమాయకుడైనాడు, అమాయకుడు జాలిపడదగినవాడైనాడు, తుదకు తెలివిమాలినవాడైనాడు. దాని సోదర శబ్దమైన జర్మన్ ‘జేలిగ్’ నేటికిని ధన్యుడను అర్థముననే యున్నది. తెలుగున ‘ఛాందసుడు’ చరిత్ర ఇట్టిదే. ఛందస్సనగా వేదము, వేదాధ్యయనపరుడు ఛాందసుడు. నేడది కాలమెరుగని మొండి మనిషికి చెల్లుచున్నది. ‘కంపు’ అను దేశ్యపదమును ప్రాచీన తెలుగు కవులు పరిమళమునకును వాడిరి. నేటి కన్నడమున అది సువాసనయే, నేటి తెలుగున దుర్వాసన. ఆంగ్ల జర్మనుల మధ్య జరిగినదే తెలుగు కన్నడముల మధ్యను జరిగినది. పూర్వకావ్యమున కస్తూరికి ‘కంపు’ అను మాట తగిలినచో ముక్కు మూసికొను పాఠకుడు రోమియో జాబును ‘మంచి ఉత్తరము కాదు’ అని తెనిగించినవానికి తోడివాడు.

అన్నిటికంటె లోతుగా పడిపోయిన పదము ‘దేవానాంప్రియ’. క్రీస్తుపూర్వము 3వ శతాబ్దమున అశోక చక్రవర్తి దీనిని బిరుదముగా ధరించినాడు. కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి బండలమీద నేటికిని ఆ బిరుదము చదువవచ్చును. భట్టోజి దీక్షితుని ‘సిద్ధాంత కౌముది’ నాటికి ఆ సమాసమునకు మూర్ఖుడని అర్థము స్థిరపడినది. శిలపై చెక్కించిన అక్షరము చెదరలేదు. దాని అర్థము మాత్రము చక్రవర్తి సింహాసనమునుండి శబ్దశాస్త్ర విద్యార్థుల పరిహాసమునకు దిగిపోయినది. రాతికి ఉన్న స్థిరత్వము మాటకు లేదు.

కాని ఇంతటితో విచారము ముగియలేదు. పాత గ్రంథమును కొత్త అర్థముతో చదువుట ఒక దోషమైనచో, కొత్త ప్రయోగమును పాత అర్థముతో శిక్షించుట రెండవ దోషము. శబ్దవ్యుత్పత్తి తెలిసిన పండితునకు ఈ రెండవదానిపై మోజు మెండు. మూలధాతువును బయటికి తీసి ‘ఈ మాటకు నిజమైన అర్థమిది, లోకులందరు పొరబడినారు’ అని తీర్పు చెప్పుటలో ఒక రుచి కలదు. ఆ లెక్కను ‘నైస్’ అని మెచ్చుకొను ఆంగ్లేయులందరు ఎదుటివారిని మూర్ఖులనుచున్నారని చెప్పవలసివచ్చును.

ఈ విషయమున మన ఆలంకారికుల వాదమొకటి స్మరింపదగినది. ‘కుశల’ శబ్దమునకు దర్భలను కోసి తెచ్చువాడని వ్యుత్పత్తి. దర్భ అంచు వాడియైనది. చేయి తెగకుండ కోయుటకు నేర్పు కావలెను. అందుచే నేర్పరి అను అర్థము లక్షణచే వచ్చినదని మమ్మటుడు ‘కావ్యప్రకాశము’న రూఢిలక్షణకు దీనిని ఉదాహరించినాడు. ‘సాహిత్యదర్పణము’ రచించిన విశ్వనాథుడు దీనిని అంగీకరింపలేదు. శబ్దము పుట్టుటకు నిమిత్తము వేరు, అది లోకమున ప్రవర్తించుటకు నిమిత్తము వేరు. వ్యుత్పత్తిలో దొరకిన అర్థమే ముఖ్యార్థమన్నచో, ‘గో’ శబ్దమునకు పోవునది అని వ్యుత్పత్తి గనుక, ఆవు పడుకొన్నదనుట కూడ లక్షణయే కావలసివచ్చునని ఆయన ఆక్షేపణ. వ్యుత్పత్తినిమిత్తమునకును ప్రవృత్తినిమిత్తమునకును గల ఈ భేదము ఆధునిక భాషాశాస్త్రమునకు కూడ మూలస్తంభము. పుట్టుక మాటకు చరిత్ర మాత్రమే, విధిలిఖితము కాదు.

దేశమున వేర్వేరు రాష్ట్రములలో నివసించుచు, హిందీ, వంగ, మరాఠీ భాషలనుండి తెనిగించు తెలుగు రచయితలకు ఈ భేదము నిత్యావసరము. హిందీలో ‘శిక్షా’ అనగా విద్య. తెలుగున ‘శిక్ష’ అనగా దండన. హిందీ, వంగభాషలలో ‘ఉపన్యాసము’ నవల, తెలుగున ప్రసంగము. హిందీ ‘ఉద్యోగము’ పరిశ్రమ. తెలుగు ఉద్యోగము కొలువు. వీనిలో ఏది శుద్ధము, ఏది అపభ్రష్టము అని వాదులాడుట వృథా. సంస్కృతమునుండి బయలుదేరిన ఒకే మాట ఒక్కొక్క యింట ఒక్కొక్క కాపురము చేసినది. గమనించినచో ఆ యింటనే పాత అర్థము ఒక మూల బ్రతికియుండును. తెలుగున ‘శిక్ష’ దండనయైనను ‘శిక్షణ’ విద్యను విడువలేదు. ఆంగ్లమున ‘నైస్’ పలుచబడినను, ‘నైస్ డిస్టింక్షన్’ అనునపుడు తార్కికుల వాదములలో ఆ పూర్వపు పదును నేటికిని తళుక్కుమనును.

తెలుగుదేశమునకు వచ్చిన ‘నైస్’ కథ మరొక వింత. పిండిమర వద్ద ‘బరకగా వద్దు, నైసుగా పట్టు’ అను ఇల్లాలికి ఆంగ్ల నిఘంటువుతో పని లేదు; సన్నని, మెత్తని అని ఆమె భావము. షేక్స్పియర్ కాలమున ఆంగ్లమున వెలిగిన సూక్ష్మార్థమునకు ఇది ఎంతో చేరువ. ‘నైసుగా మాట్లాడి పని చక్కబెట్టుకొన్నాడు’ అనునపుడు అర్థము మరల మారినది. ఆ మెత్తదనము బట్టదో పిండిదో కాదు, మాటదైనది. దాని వెనుక ఒక గడుసుదనము, లోపలి లెక్క చేరినవి. ‘నైస్ చేయుట’ అనగా తియ్యని మాటలతో బుజ్జగించి లొంగదీయుట. ఈ అర్థము ఆంగ్లమున లేదు. తెలియనివాడని పుట్టిన మాట తెలుగు వీథులలోనికి వచ్చి అన్ని తెలిసిన గడుసువానికి చెల్లినది! ఇది భ్రష్టప్రయోగమని తోసివేయువాడు, ఒక శబ్దము కొత్త జీవము పోసికొనుటను చూడనొల్లనివాడు. తెలుగు నిఘంటుకారుడు ఈ అర్థములను ఎత్తి వ్రాసికొనవలెనే గాని సిగ్గుపడవలసిన పని లేదు.

అట్లయినచో హెన్రీ టిల్నీ ఆక్షేపము పూర్తిగా వ్యర్థమా? కాదు. అతని చరిత్ర తప్పు గాని అతని ఫిర్యాదులో సత్యమున్నది. అర్థము మారుట దోషము కాదు. అర్థము పలుచబడిపోవుట నష్టము. అన్నిటిని మెచ్చుకొను మాట దేనినీ మెచ్చుకొనదు. ఒక పుస్తకము ‘నైస్’ అని విన్నవానికి ఆ పుస్తకము గుఱించి ఏమియు తెలియదు; చెప్పినవానికి అది నచ్చినదని మాత్రము తెలియును. విశేషణము వస్తువును విడిచి వక్తను వర్ణించుట మొదలుపెట్టిన క్షణమున విమర్శ ఆగిపోవును.

తెలుగు విమర్శ ఈ అద్దమున తన మొగము చూచికొనవలసియున్నది. ‘అద్భుతము’ అను మాట భరతముని లెక్కించిన ఎనిమిది రసములలో ఒకదాని పేరు. విస్మయము దాని స్థాయిభావము. నేడు కాఫీకి, కథకు, సభకు, సభలోని శాలువకు అది ఒక్కటే చాలుచున్నది. ‘హృద్యము’, ‘రసవత్తరము’, ‘అపూర్వము’ అను మాటలు పీఠికలలోను, పుస్తకసమీక్షలలోను ఎంతగా అరిగినవనగా, అవి లేనిచో రచయిత చిన్నబుచ్చుకొనును, ఉన్నచో పాఠకుడు గమనింపడు. ఒక కవితాసంపుటి గుఱించి వ్రాసిన నాలుగు పుటల సమీక్షను మరొక సంపుటికి పేరు మార్చి అతికించినను అతుకు కనబడదనినచో, ఆ సమీక్ష వ్రాయబడలేదనియే భావింపవలెను. కొత్తగా వ్రాయు యువకవికి దీనివలన కలుగు కీడు మరింత పెద్దది. అతని పద్యమున ఏది పలికినదో, ఏది పలుకలేదో వేరుచేసి చెప్పువాడు లేనపుడు, మెప్పుల నడుమనే అతడు ఒంటరియగును.

ఇచట ‘రసగంగాధరము’ రచించిన జగన్నాథ పండితరాయల పద్ధతి మార్గదర్శకము. కావ్యమును నిర్వచించుటకు ఆయన ఎన్నుకొన్న విశేషణము ‘రమణీయ’ శబ్దము. లోకవ్యవహారమున అదియు ‘నైస్’ వంటిదే. తోటకు, తరుణికి, తెమ్మెరకు అన్నిటికి చెల్లునది. కాని ఆయన ఆ మాటను అట్లే విడిచిపెట్టలేదు. రమణీయత అనగా ఏమి, అది కలిగించు ఆహ్లాదము లౌకికానందముకంటె ఎందుచే భిన్నము, కొడుకు పుట్టినాడను వార్త విని కలుగు సంతోషము ఎందుచే కావ్యానందము కాదు అని గీటులు గీచి నిలబెట్టినాడు. అరిగిన మాటను పారవేయుట ఒక్కటే మార్గము కాదు. దానికి మరల అంచు పెట్టవచ్చును. విమర్శకుని పని అదియే. వివేకమనగా వేరుచేయుట అని పైన చెప్పబడినది. విమర్శకు వేరొక నిర్వచనముతో పని లేదు.

ఇందుకు సాధనము కూడ కావలెను. ‘సూర్యరాయాంధ్ర నిఘంటువు’ కావ్యప్రయోగములతో తెలుగు శబ్దసంపదను భద్రపరచిన మహాకార్యము. పుణె దక్కన్ కళాశాలలో 1948లో సంస్కృత భాషకు చారిత్రక పద్ధతిలో నిఘంటుకార్యము ఆరంభమైనది. అదే తీరున ప్రతి తెలుగు మాటకు శాసనములనుండి నేటి కథలవరకు శతాబ్దక్రమమున ప్రయోగములను పేర్చి, ఏ అర్థము ఎప్పుడు పుట్టినది, ఎప్పుడు సన్నగిల్లినది అని చూపు నిఘంటువు తెలుగు పాఠకునకు అత్యవసరము. అది చేతనున్ననాడు ‘కంపు’ అను మాట దగ్గర విద్యార్థి ఆగి ఆలోచించును. ‘అద్భుతము’ అని వ్రాయబోవు సమీక్షకుని కలము కూడ ఒక నిమిషము ఆగును.

తిరిగి బీచెన్ క్లిఫ్ కొండకు. హెన్రీ పాండిత్యప్రకర్షకు కేథరిన్ తెల్లబోవును గాని సోదరి ఎలినార్ ఊరకుండలేదు. జాన్సన్ నిఘంటువును, బ్లెయిర్ అలంకారశాస్త్రమును అన్న మన నెత్తిమీద గుమ్మరించునని కేథరిన్‌ను ముందుగనే హెచ్చరించినది. తరువాత అన్నవైపు తిరిగి, ఆ ‘నైస్’ అను విశేషణము నీకే తగునని, అందు మెప్పు రవంతయు లేదని, తెలివికంటె నీకు అది ఎక్కువైనదని చురక వేసినది. ఇచట ఆమె వాడినది కేథరిన్ వాడిన అర్థము కాదు. ఏరికోరి తప్పులు పట్టువాడు అను పాత అర్థము. అన్న ఏ పూర్వార్థముకొఱకు వాదించుచున్నాడో ఆ పూర్వార్థముతోనే చెల్లెలు అతనిని నిలువరించినది. అతడు నిఘంటువును చూపినాడు. ఆమె ప్రయోగమును చూపినది. ఒక పుటలో ఒకే మాటను రెండు అర్థములతో నడపి, రెండును పాఠకునకు స్పష్టముగా తెలియునట్లు వ్రాసిన ఆ రచయిత్రికి శబ్దము యొక్క గతము తెలియును, వర్తమానమును తెలియును. భాషను కాపాడువారు ఎవరని అడిగినచో, ఆ పుటవైపు వేలు చూపవచ్చును.